చీపురుపుల్ల కొలత

పెళ్ళికార్డు ఫోన్లో పంపితే మా ఊళ్ళో అది పిలుపు కాదు. ఇంటి పెద్ద ఆడమనిషి ప్రతి గుమ్మం దాకా వెళ్ళాలి, చెప్పులు బయట విడవాలి, లోపలికి వెళ్ళి కాసేపైనా కూర్చోవాలి, ఇచ్చిన మంచినీళ్ళో టీయో తాగాలి, అప్పుడు కార్డు చేతిలో పెట్టి "ఇంటిల్లిపాదీ రావాల" అని నోరారా చెప్పాలి. అలా చెప్పని ఇంటివాళ్ళు పెళ్ళికి రారు. రాకపోతే పోయారు, పదేళ్ళ తరవాత ఎవరి చావుకో వెళ్ళినప్పుడు కనబడినా "మమ్మల్ని పిలిచేరేటి?" అని దెప్పుతారు. మా ఇంట్లో ఈ పిలుపులు ఎప్పుడూ అమ్మే చేసింది. ఎనభై దాటాక కూడా చేతికర్ర పట్టుకుని, వట్టి కాళ్ళతో, కె.కోటపాడు వైపు మా ఊరూ, చుట్టుపక్కల ఊళ్ళూ తిరిగొచ్చేది. పోయిన వానాకాలంలో అమ్మ కాలం చేసింది. ఇప్పుడు మా తమ్ముడి చిన్నకూతురి పెళ్ళి. మరదలు అనకాపల్లి పిల్ల, ఊళ్ళో సగం ముఖాలు ఆవిడకి తెలీవు. కాబట్టి మేనత్తని నేనే తిరగాలన్నారు. వందకి పైగా ఇళ్ళు. వినగానే ముందు నాకు గుర్తొచ్చింది పెళ్ళి కాదు, నా కాళ్ళు.

నాకు అరవై మూడు. ముప్పై ఏళ్ళకి పైగా ఏఎన్నెమ్‌గా చీడికాడ, రావికమతం పల్లెల్లో కాలికి బలపం కట్టుకుని తిరిగాను. టీకాల పెట్టె భుజానికి తగిలించుకుని నేను ఎక్కని గట్టు లేదు, దిగని గెడ్డ లేదు. రిటైరైన రోజున చోడవరం ఇంటికొచ్చి కాళ్ళు బారజాపుకుని, ఇక చాలు దేవుడా అనుకున్నాను. ఆరునెలలు తిరక్కుండా షుగరు బయటపడింది. డాక్టరు రోజూ గంట నడవమన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా కుడికాలి బొటనవేలు పక్కకి ఒరిగి రెండో వేలి కిందికి దూరిపోయింది. ఆ పక్కన ఎముక రేగుపండంత పైకి తేలింది. ఎడమది కొంచెం నయం. పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుంటుంది. ఇంట్లో షుగరు రోగులు వేసుకునే ఆ నీలం రంగు మెత్తటి ఎంసీఆర్ చెప్పులతోనే బతుకుతున్నాను. పిలుపులకీ అవే చాలనుకున్నాను.

చాలవంది జెస్సీ. జెస్సీ మా తమ్ముడి పెద్దకూతురు, చోడవరంలోనే ప్రైవేటు స్కూల్లో టీచరు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడే ఉద్యోగం కాబట్టి చెప్పుల సంగతి తనకే తెలుసనుకుంటుంది. "అత్తా, పట్టుచీర కట్టుకుని ఆ ఆసుపత్రి చెప్పులేటి? పెళ్ళివోళ్ళింటి మనిషిలాగుండాలి గాని, గవర్నమెంటు వార్డులోంచి పారిపోయొచ్చినట్టుంటావు" అంది. దానికి కావలసిన జోడు ఎలా ఉండాలో కూడా తనే చెప్పింది. మడమ ఎత్తు ఉండకూడదు, చూడ్డానికి బాగుండాలి, రోజంతా నడిచినా నొప్పెట్టకూడదు. నేను ఇంకోటి కలిపాను. ప్రతి గుమ్మం దగ్గరా విడవాలి కాబట్టి వంగకుండా వేసుకునేలా, వంగకుండా తీసేలా ఉండాలి. ఇద్దరం కలిసి ఆ నాలుగు గుణాలూ ఒక్కచోట ఉన్న జోడు కోసం రెండువారాలు దేవులాడాం. పెళ్ళికొడుకుని వెతకడం ఇంతకన్నా తేలికైంది.

ఫోన్లో చూసి తెప్పించింది కొన్ని. బొమ్మలో మెత్తగా, వెడల్పుగా కనబడేవి. చేతికొచ్చేసరికి ముందుభాగం కోడిముక్కులా సన్నగా ఉండేది. ఒక కంపెనీ వాళ్ళ ఆరు ఇంకో కంపెనీ వాళ్ళ ఏడుకన్నా పెద్దది. ఒకడు ముప్పై తొమ్మిది అంటాడు, ఇంకొకడు నలభై అంటాడు. నా కాలు మాత్రం ఒక్కటే. డెలివరీకి వచ్చే అతను గేటు దగ్గరే బండి ఆపి "మేడమ్, ఇయ్యి తెరిసి సూస్తారా, అలాగే పట్టుకుపోమంటారా?" అని అడిగే స్థితికి వచ్చాం. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. వెతకడం మానేద్దామంటే జెస్సీ వినలేదు. ఒకరోజు నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని టేపుతో కొలుస్తూ, ఆ వంగిన వేలిని పట్టుకుని అడిగింది. "ఇదేల ఇలాగైపోయింది అత్తా? నడిసి నడిసా?"

"పుట్టుకతోనే" అన్నాను.

అబద్ధం. నలభై ఏడేళ్ళుగా ఎవరడిగినా ఇదే అబద్ధం చెబుతున్నాను. నన్ను కట్టుకున్నాయనకీ ఇదే చెప్పాను, ఆయన నమ్మి, నమ్మే పోయారు. ఆ వేలు పుట్టుకతో వంగలేదు, నడిచీ వంగలేదు. దాని వెనకాల అమ్మ పడిన మాట ఒకటి ఉంది. అమ్మ ఉండగా ఆ సంగతి చెబుదామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి కూడా చెప్పలేకపోయాను. చివరి నెలల్లో అమ్మ కాళ్ళకి నేనే కొబ్బరినూనె రాసేదాన్ని. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి అమ్మ లేదు.

మా నాన్న యాకోబు చెరుకుబండి తోలేవాడు. మాకున్న కాస్త చేలో చెరుకు కొట్టేక, ఊళ్ళో వాళ్ళ చెరుకు కూడా చోడవరం దగ్గరి ఫ్యాక్టరీకి తోలేవాడు. చెరుకు రోజులొస్తే మా ఇంట్లో అందరికన్నా ముందు లేచేవి ఎడ్లు. తరవాత అమ్మ. చీకటి ఉండగానే కుడితి కలిపే చప్పుడు, పిడకల పొగ, ఊరి చివర పాకలో ఎవరో బెల్లం వండుతున్న వాసన, ఇవన్నీ కలిసి నా చాపలోకి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా బెల్లం పాకం మరుగుతున్న వాసన తగిలితే నాకు ముందు చలేస్తుంది, తరవాత ఆకలేస్తుంది. నాన్న పొయ్యి దగ్గర కూర్చుని చుట్ట ముట్టించుకుని, రాత్రి గంజన్నం తిని, తలపాగా చుట్టి, "ఇంక ఎల్తాను, ఏటైనా ఉంటే సెప్పండి" అనేవాడు. వారానికి ఒకటి రెండుసార్లు చోడవరం వెళ్ళే మనిషి కాబట్టి ఊరందరి పనులూ ఆయన చేతిలో ఉండేవి. ఒకరికి మందుసీసా, ఒకరికి లాంతరు గ్లాసు, ఒకరికి చెప్పులు.

చెప్పుల దగ్గరికొచ్చేసరికి ఆ పని నాన్నది కాదు, అమ్మది. ఆ రోజుల్లో మా ఊరి ఆడవాళ్ళు, పిల్లలు చెప్పుల కొట్టుకి వెళ్ళేవారు కాదు. బండిలో చోటుండదు, ఉన్నా పరాయి మగాడు కాలు పట్టుకోవడమేమిటని పెద్దలు ఒప్పుకోరు. అందుకని కాలికి బదులు కొలత వెళ్ళేది. కొబ్బరి ఈనెల చీపురులోంచి వంకర లేని పుల్ల తీసి, కాలి కింద మడమ నుంచి బొటనవేలి చివర దాకా పెట్టి, సరిగ్గా అక్కడికి తుంచి పట్టుకెళితే, కొట్టు షావుకారు ఆ పుల్లని చెప్పులో పెట్టి చూసి జోడు ఇచ్చేవాడు. ఎవరైనా తియ్యొచ్చు ఆ కొలత. కాని అమ్మ తీసినట్టు ఎవరూ తియ్యలేరని పేరు. అమ్మ పేరు సంతోషమ్మ. కాలు గాల్లో ఉండగా కొలవదు. నేల మీద నిలబెట్టి, "బరువంతా దాని మీదెయ్యి" అని చెప్పి, మనిషి బరువుకి పాదం సాగాక కొలుస్తుంది. బొటనవేలి ముందు రెండు వడ్లగింజలు వరసగా పెట్టి, ఆ మేర కూడా కలిపి తుంచుతుంది. "నడిసినప్పుడు ఏలు ముందుకెల్తాది. దానికీ సోటుండాల గదా" అనేది. ఎవరిది ఎవరిదో తెలియడానికి తలొక రంగు దారం కట్టేది. చివరికి పుల్ల రెండు కొసల్నీ నీలిమందులో ముంచేది. ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర కోసం కొన్న నీలిమందు అది. బండిలో పుల్ల విరిగితే కొస తెల్లగా కనబడుతుంది, అప్పుడు నాన్న కొట్టుకి వెళ్ళకుండా వెనక్కి తెచ్చేస్తాడు. అదీ అమ్మ తెలివి. చదువు రాదు, చేతిలో డబ్బాడదు, ఇంట్లో ఏ మాటా తనది కాదు. కాని చెప్పులు కావాలంటే మునసబు ఇంటి కోడలు కూడా మా అరుగు మీదికొచ్చి కాలు పెట్టేది. ఆ కాసేపు అమ్మ ముఖం చూడాలి. పిల్లల పెళ్ళిళ్ళలో కూడా అంత నిండుగా లేదు ఆ ముఖం.

నా కాలు పెద్దది. అమ్మ కొలత తీసిన ప్రతిసారీ పక్కింటి సింహాచలం పిన్ని "ఓలమ్మా, ఈ గుంట కాలేటే, నాగలి కర్రులా పెరిగిపోతంది!" అనేది. సింహాచలం పిన్ని అమ్మకన్నా పదేళ్ళు చిన్నది, అక్కని పిలిచినట్టు అమ్మని 'అప్పా' అనేది. చుట్టని నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగుతూ అందర్నీ వేళాకోళం చేసేది. ఆవిడ మాటల్లో విషం ఉండదు, కాని నాకు గుచ్చుకునేది. ఆడవాళ్ళ చెప్పులు నా కొలతకి రావు కాబట్టి నాకు ఎప్పుడూ మగవాళ్ళ చెప్పులే. నల్లటివి, దళసరివి. బడిలో మగపిల్లలు నేను వస్తుంటే "బాబుగారు వస్తన్నారు" అని దారిచ్చేవారు.

పదో తరగతి పాసయ్యాక ఏఎన్నెమ్ ట్రైనింగుకి విశాఖపట్నంలో ఇంటర్వ్యూకి రమ్మని కాగితం వచ్చింది. నేను నర్సు కావాలనుకోవడానికి కారణం సేవ అనీ, దేవుని పిలుపనీ తరవాత చర్చిలో సాక్ష్యం చెప్పాను. అసలు కారణం ఒక జత కట్‌షూ. మా ఊరికి టీకాలు వెయ్యడానికి వచ్చిన నర్సమ్మ కాళ్ళకి ఉండేవి. ఎర్రగోధుమ రంగు, ముందు మూసి, పైన సన్నటి పట్టీ, పక్కన పసుపుపచ్చగా మెరిసే బకిల్. మడమ ఎత్తు లేదు, చప్పుడు లేదు. బురదగట్టు మీద కూడా ఆవిడ పూలమీద నడిచినట్టు నడిచింది. ఇంటర్వ్యూకి అవే కావాలని పట్టుపట్టాను. అమ్మ పుల్ల కొలిచి, ఎర్రదారం కట్టి ఇచ్చింది. నాన్న చోడవరం వెళ్ళి ఉత్తచేతుల్తో వచ్చాడు.

"షావుకారు పుల్ల పెట్టి సూసేడే. ఆడోళ్ళ మోడలు ఇంతకన్నా పెద్దది రాదన్నాడు. రెండు మూడు గింజలు తక్కువుంటే ఇచ్చీసును అన్నాడు" అని అన్నం తింటూ అమ్మతో చెప్పాడు. "మళ్ళీ వారం మగోళ్ళవే తెచ్చీమంటావా?"

అమ్మ నా వైపు చూసి, "దాని కాలికి ఏది పడితే అదే తే. ఊరుకాని ఊరెల్లి కుంటితే ఏటి బాగుంటాది?" అంది.

ఎర్రదారం పుల్ల చూరులో గుచ్చి ఉంది. వారం రోజులు దాని కిందనే తిరిగాను. అమ్మ ఎటూ రెండు గింజలు ఎక్కువే కలుపుతుంది కదా, ఆ ఖాళీ తీసేస్తే నష్టమేమిటి, కాలు కాలే కదా, చెప్పే కాస్త పొట్టిదవుతుంది, ఇలా నాకు నేనే వకాల్తా పుచ్చుకున్నాను. నాన్న బండి కట్టే ముందురోజు మధ్యాహ్నం అమ్మ చేలో కలుపులో ఉండగా, పుల్ల తీసి, రెండు గింజలు పెట్టి కొలిచి, పంటితో కొరికాను. పన్ను జారి ఇంకో గింజ మేర పోయింది. కొస తెల్లగా తేలింది. గూట్లోంచి నీలిమందు పొట్లం తీసి, నీళ్ళలో కలిపి ముంచాను. తెగిన ముక్కని కుండల అరుగు వెనక్కి విసిరేశాను. పుల్ల మళ్ళీ చూరులో గుచ్చేసి, చేతికంటిన నీలం పోయేదాకా ఇసకేసి తోముకున్నాను. మర్నాడు నాన్న బండి కడుతుంటే, షావుకారుని ఇంకోసారి ఆ షూలోనే పుల్ల పెట్టి చూడమనమని బతిమాలాను.

కట్‌షూ వచ్చాయి. వేసుకుంటే వేలు ముందు గోడకి తన్నుకుంది. "సరిపోయేయి" అన్నాను. అమ్మ వంగి, బొటనవేలితో షూ ముందుభాగం నొక్కి చూసింది. "బిగుతుగా లేవేటే?" అంది. "కొత్తవి గదా" అన్నాను. వాటితోనే విశాఖపట్నం వెళ్ళాను, వాటితోనే ఆ ఆవరణంతా తిరిగాను, సెలక్టయ్యాను. బస్సు దిగి ఊళ్ళోకి నడిచొచ్చేసరికి మడమలు ఒరుసుకుపోయి, బొటనవేలి గోరు కింద రక్తం గట్టింది. దాచాలనుకున్నాను గాని కుంటుని ఎలా దాచను? అరుగు మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. సింహాచలం పిన్ని తన అయిదేళ్ళ కొడుకుని తీసుకుని కొలత కోసమే వచ్చింది. నాన్న నా కాళ్ళు చూశాడు. లోపలికెళ్ళి ఎర్రదారం పుల్ల తెచ్చి నా పాదం పక్కన పెట్టాడు. పుల్ల నా వేలికన్నా గింజంత పొట్టిగా ఉంది.

"ఇదేటే నీ కొలత?" అని అరిచాడు అమ్మ మీద. "కళ్ళు కనబడతన్నాయా నీకు? కన్నకూతురి కాలే కొలవలేవు, ఊరందరి కాళ్ళూ కొలిసేస్తావా? తియ్యి, నీ పుల్లలూ నువ్వూనూ!"

అమ్మ పుల్ల అందుకుంది. కొస చూసింది. తరవాత నన్ను చూసింది. నేను చూపు దించుకుని షూ బకిల్ విప్పుతూ కూర్చున్నాను. "ఔను. తప్పే తీసేను" అంది అమ్మ. పుల్లని చీర కొంగులో చుట్టుకుని లోపలికి పోయింది. సింహాచలం పిన్ని పకపకా నవ్వింది. "మరి మా గుంటడి కొలతేటి సేస్తావు సంతోసమ్మప్పా? ఆడికి ఎడ్ల గిట్టలు తెప్పిస్తావేటి?" అంది. అందరూ నవ్వారు. నేనొక్కదాన్నే నవ్వలేదు. అప్పుడు ఒక్క మాట చాలు, 'నేనే విరిచేశాను' అంటే చాలు. నాన్న నన్ను నాలుగు తన్ని ఉండును, అంతే. ఆ నాలుగు దెబ్బలకి భయపడ్డాను.

ఆ తరవాత మా అరుగు మీద కాలు పెట్టి నిలబడ్డ వాళ్ళని నేను చూడలేదు. నాన్న తెచ్చే చెప్పులకి ఎవరి కొలత వాళ్ళే పంపుకునేవారు. అమ్మ చీపురు చీపురుగానే ఉండిపోయింది. నేను ట్రైనింగుకి వెళ్ళిపోయాను. ఆ షూ పారేసి మగవాళ్ళ చెప్పులు వేసుకుంటే ఎందుకు మార్చావని అడుగుతారు, అడిగితే చెప్పాలి. తప్పు ఒప్పుకోవడం కన్నా వేలు వంచుకోవడమే తేలికనిపించింది. పద్దెనిమిది నెలలు హాస్టలు నుంచి వార్డుకీ, వార్డు నుంచి హాస్టలుకీ వాటితోనే నడిచాను. అవి చిరిగేసరికి వేలు ఒరగడం మొదలెట్టింది. తరవాత ఉద్యోగంలో ఎన్ని రకాలు వేసినా, ఒరగడం మొదలెట్టిన వేలు తిరిగి రాలేదు.

ఇక మొన్నటి సంగతికి వస్తాను. ఎవరెవర్ని పిలవాలో తెలియక, పాత పెళ్ళిళ్ళ పేర్ల కాగితం ఏమైనా ఉంటుందేమోనని అమ్మ ట్రంకుపెట్టె తీశాను. కలరాగుండ్ల వాసన. తెల్లచీరలు నాలుగు, నీలం కాస్త ఎక్కువైనవి. బైబిలు, చదువు రాకపోయినా ఒళ్ళో పెట్టుకు కూర్చునే బైబిలు. అట్టడుగున పాత జాకెట్టు గుడ్డలో చుట్టిన కట్ట ఒకటి. విప్పితే పుల్లలు. ఇరవై దాకా ఉంటాయి, రంగురంగుల దారాలతో. తమ్ముడిది పసుపు. నాన్నది నలుపు. అమ్మది లేదు. అమ్మ కాలు ఎవరు కొలిచారు కనక? ఎర్రదారం పుల్ల దొరికింది. దారం ఒక చుట్టు కాదు, నాలుగైదు చుట్లు ఉంది. ఎందుకా అని వెలుతుర్లో పెట్టి చూశాను. పుల్లకి ఆనించి, మూడు గింజలంత చిన్న ముక్క ఒకటి కట్టి ఉంది. దాని ఒక కొసకి నీలం. ఇంకో కొస మీద పంటిగాటు.

ఎప్పుడు దొరికిందో నాకు తెలీదు. కుండల అరుగు వెనక ఊడుస్తుంటే ఆ రోజే దొరికిందో, కొంగులో పుల్ల చుట్టుకుని లోపలికి వెళ్ళాక వెతికి తీసిందో. కొస చూసినప్పుడే తెలిసిపోయి ఉంటుంది. తను పల్చగా అద్దే నీలం కాదది, నేను ముద్దగా ముంచిన నీలం. తెలిసే "తప్పే తీసేను" అంది. నలభై ఏడేళ్ళు తెలిసే ఊరుకుంది. నేను నూనె రాస్తుంటే "సాల్లేవే, నీ కాళ్ళే నొప్పులు, పడుకో" అన్నది కూడా తెలిసే. ట్రంకుపెట్టె పక్కన మంచం మీద కూర్చుని ఏడ్చాను. జెస్సీ స్కూలు నుంచి వచ్చి చూసి కంగారుపడితే, మొదటిసారి ఒకరికి అంతా చెప్పాను. అది పుల్లలన్నీ మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టింది. తరవాత "పద అత్తా, ముందు సెప్పులు కొందాం" అంది.

ఈసారి ఫోను తియ్యలేదు. చోడవరం బస్టాండు దగ్గర ఒక కొట్టుకి వెళ్ళాం. ఆడవాళ్ళ వైపు ఉన్నవన్నీ వేసి చూశాను, ఒక్కటీ వేలిని ఒప్పుకోలేదు. కొట్టతను విసుక్కోకుండా తీస్తూనే ఉన్నాడు పాపం. ఆఖరికి గొంతు తగ్గించి, "ఏటీ అనుకోకండమ్మా, జెంట్స్‌లో ఒకటుంది. వెడల్పు. మెత్తగుంటాది" అన్నాడు. ఎర్రగోధుమ రంగు. మడమ ఎత్తు లేదు. వంగకుండా కాలు దూరుతుంది, వంగకుండా వస్తుంది. వేసుకుని కొట్టులో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. వేలు ఎక్కడా తగల్లేదు. పదహారేళ్ళప్పుడు ఏ చెప్పులు వద్దని ఇంత చేశానో, అరవై మూడేళ్ళకి అవే వేసుకుని బయటికొచ్చాను. బాగున్నాయంది జెస్సీ. నిజంగానే బాగున్నాయి, అదే నా కడుపుమంట.

సింహాచలం పిన్ని ఇల్లు మూడోరోజు పిలుపుల్లో వచ్చింది. జెస్సీ స్కూలుకి సెలవు పెట్టి నాతోనే తిరుగుతోంది. ఇప్పుడు శ్లాబు ఇల్లు. పిన్నికి డెబ్బై దాటింది, వినికిడి తగ్గింది, అడ్డపొగ మాత్రం తగ్గలేదు. కార్డు తీసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మీ యమ్మ వొచ్చి పిలిసేది. నువ్వొచ్చేవు. కాలం" అంది. నా సంచీలో ఎర్రదారం పుల్ల ఉంది. పొద్దుటినుంచీ అది మోస్తూ ఇల్లిల్లూ తిరుగుతున్నాను. తీసి ఆవిడ చేతిలో పెట్టి, ముక్క చూపించి, గట్టిగా, పక్కింటికి కూడా వినబడేలా చెప్పాను. "పిన్నీ, ఆ రోజు అమ్మ కొలత తప్పలేదు. నేనే విరిచేశాను. మాట నా మీదికి రానివ్వకుండా అమ్మ తన మీద వేసుకుంది. నువ్వు నవ్వేవు గుర్తుందా?"

పిన్ని పుల్లని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. నోట్లోంచి చుట్ట తీసింది.

"నవ్వేనమ్మా. నవ్వొచ్చింది, నవ్వేను. మర్నాడే మా గుంటణ్ణి తీసుకుని మళ్ళీ ఎల్లేను మీ యమ్మ కాడికి. తియ్యప్పా కొలత, నాకు నీదే నమ్మకం అన్నాను. తియ్యనంది. 'నా సెయ్యి తప్పిపోయింది సింహాచలం, ఇంక నాను ముట్టను' అంది. నాలుగుసార్లు ఎల్లేను. మునసబోళ్ళ కోడలూ ఎల్లింది. ఎవుళ్ళకీ తియ్యలేదు. ఏటీ ఇంత పౌరుసం, మొగుడు ఒక మాటంటే, అనుకున్నాం."

"ఎవరూ రావడం మానేశారనుకున్నాను నేను."

"మేం మానలేదే. మీ యమ్మే మానీసింది." పిన్ని ముక్కని వేలితో తడిమింది. "ఇప్పుడు తెలస్తంది. పదిమందికి సరిగ్గా తీసీసి, నీ ఒక్కదానికే ఏల తప్పిందంటే ఏటి సెప్తాది? దొరికిపోతావని మానీసింది. దొంగగుంటవి నువ్వు, ఊరుకున్నాది అది."

ఇరవై పుల్లల కట్ట ఎందుకు దాచుకుందో, మళ్ళీ ఇరవై ఒకటోది ఎందుకు లేదో అప్పుడు తెలిసింది. ఇంట్లో తనది అన్నది ఒక్కటే ఉంటే, దాన్ని కూడా నా కింద పరిచేసింది అమ్మ. నేను దాని మీద నడిచి ఉద్యోగానికి పోయాను. ముప్పై ఏళ్ళు ఊరూరూ తిరిగి మంచి నర్సమ్మ అనిపించుకున్నాను. అలిసిపోయానని కూడా అన్నాను.

పిన్ని పుల్ల నాకిచ్చేసి, గోడ పట్టుకుని మెల్లిగా లేచి నిలబడింది. "పెళ్ళికి నాకు సెప్పుల్లేవు. మనవడు నంబరు సెప్పమంటాడు, నా కాలికి నంబరేటి? ఆ చీపురందుకో" అంది.

నేల మీద కూర్చోవడం నా మోకాళ్ళు ఎప్పుడో మానేశాయి. అయినా కూర్చున్నాను. చీపురులోంచి వంకర లేని పుల్ల ఒకటి ఏరాను. పగుళ్ళిచ్చిన ఆ పాదం పక్కన పెట్టి, "బరువంతా దాని మీదెయ్యి పిన్నీ" అన్నాను. వెనక వరండాలో ఎండబెట్టిన వడ్లలోంచి జెస్సీ రెండు గింజలు తెచ్చిచ్చింది. వేలి ముందు వరసగా పెట్టి, ఆ మేర కలిపి తుంచాను. నీలిమందు ఉందా అంటే "ఇప్పుడెవులేస్తన్నారే" అంది పిన్ని. జెస్సీ తన బ్యాగులోంచి నీలం పెన్ను తీసి రెండు కొసలకీ రాసింది. పుల్లని జాగ్రత్తగా గుడ్డలో చుట్టి సంచీలో పెట్టుకుని, గుమ్మం దగ్గర మగవాళ్ళ చెప్పుల్లో కాళ్ళు దూర్చాను.

"ఒలే మార్తా!" పిన్ని వెనకనుంచి కేకేసింది. "దార్లో కొరికీకు!"

కొరకనన్నాను. ఆ సాయంత్రానికి ఇంకా పదకొండు ఇళ్ళు మిగిలాయి.